కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ : మనకేమేం కావాలి?

పోయిన ఏడాది వార్షికోత్సవానికి మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వు డాక్టర్ చదువుకు పోతవంట గదా, సూది ఎయ్యొస్తదా?" అని అడిగాడు. చుట్టూ ఉన్న పిల్లలంతా నవ్వారు. మేమూ నవ్వాం గానీ, ఆ నవ్వులో కొంత సిగ్గు కూడా ఉంది. ఎందుకంటే ఇదే హాస్టల్లో ఐదేళ్ళు ఉండి, పదో తరగతి దాటి, ఇంటర్ కూడా పూర్తయ్యేదాకా పీహెచ్‌డీ అనే చదువు ఒకటుందని మాకూ తెలియదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. అడుగుదామంటే చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఈ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు ఒక కవిత పంపి ఊరుకుందామనుకున్నాం. తర్వాత ఆ తమ్ముడి ప్రశ్నకే సరైన జవాబు రాద్దామని కూర్చున్నాం.

తమ్ముళ్ళూ, మీలో ఎవరికైనా కడుపులో మంటకు ఒమెజ్ గోలీ ఇచ్చి ఉంటే ఆ అట్ట వెనుక చూడండి. డాక్టర్ రెడ్డీస్ అని ఉంటుంది. ఆ డాక్టరు సూదులు వేసే డాక్టరు కాదు. ఆయన పేరు కల్లం అంజిరెడ్డి. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట్లో పుట్టారు. గుంటూరులో బీఎస్సీ, బొంబాయిలో టెక్నాలజీ డిగ్రీ చేసి, పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీలో కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. అది 1969లో పూర్తయింది. తర్వాత హైదరాబాదులో ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి, 1984లో తన పేరు మీద కంపెనీ పెట్టారు. మొదట తయారుచేసింది రక్తపోటుకు వాడే మిథైల్‌డోపా, బొల్లారంలో. మన సంగారెడ్డి జిల్లాలోనే. ఆయన 2013లో చనిపోయారు. ఆయనకు ఉన్న పసుపు తోట మనకు లేదు, ఆ తేడాను మేము దాచిపెట్టడం లేదు. కానీ పేరు ముందు 'డాక్టర్' అని రాసుకోవడానికి ఆయన దాటిన గడపలే ఈనాటికీ ఉన్నాయి. అవి ఏవో తెలిస్తే సగం భయం పోతుంది.

ముందు, కెమికల్ ఇంజనీరింగ్ అంటే ఏమిటి?

కెమిస్ట్రీ వేరు, కెమికల్ ఇంజనీరింగ్ వేరు. ఈ తేడా మాకు పుస్తకం కన్నా ముందు మన హాస్టల్ వంటగదే నేర్పింది. ఇంట్లో అమ్మ ఐదుగురికి అన్నం వండితే అందాజుతో నీళ్ళు పోస్తుంది, అన్నం కుదురుతుంది. అదే లెక్కను నలభై రెట్లు చేసి రెండు వందల మందికి పెద్ద గంజులో పెడితే ఏమవుతుంది? అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. మనమంతా తిన్నాం గదా ఆ అన్నం! వంట చేసే అన్నకు ఈ సంగతి తెలుసు కాబట్టే మంట ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు కలపాలో, ఎప్పుడు మూత పెట్టాలో చూసుకునేవాడు. నీళ్ళను కూడా ఉత్త గుణకారంతో పోసేవాడు కాదు.

దీని వెనుక ఒక లెక్క ఉంది. ప్రయోగశాలలో 100 మిల్లీలీటర్ల బీకరులో ఒక రసాయన చర్య చేశామనుకోండి. దాన్ని 100 లీటర్ల పాత్రకు పెంచాలి. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెరుగుతాయి. లోపలి పదార్థం 1000 రెట్లు పెరుగుతుంది. కానీ పాత్ర గోడల వైశాల్యం 100 రెట్లే పెరుగుతుంది. చర్యలో పుట్టే వేడి అంతా ఆ గోడల గుండానే బయటికి పోవాలి. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు గోడ మీద పది రెట్లు ఎక్కువ భారం పడుతుంది. వేడి బయటికి పోకపోతే చర్య ఇంకా వేగమవుతుంది, ఇంకా వేడి పుడుతుంది, చివరికి రియాక్టర్ పేలుతుంది. పాశమైలారం, బొల్లారం, జిన్నారం వైపు పనికి పోయే మన ఊళ్ళవాళ్ళ ప్రాణాలు ఈ లెక్క సరిగ్గా వేసినవాడి చేతిలో ఉంటాయి.

ఇంకొక ఉదాహరణ చెప్పి అసలు సంగతికి వస్తాం. మన ఖేడ్ ప్రాంతం నుంచి, ముఖ్యంగా తండాల నుంచి, చెరుకు నరకడానికి ఎంతమంది వలస పోతారో మీకు వేరే చెప్పనక్కరలేదు. మా బాపు కూడా పోయేవాడు. ఆయన నరికిన చెరుకు ఫ్యాక్టరీ గేటు లోపలికి పోయాక ఏమవుతుందో ఆయన ఎప్పుడూ చూడలేదు, మేము బీటెక్ మూడో సంవత్సరంలో చూశాం. రసాన్ని చిక్కబరచడానికి వరుసగా పాత్రలు ఉంటాయి. మొదటి పాత్రలో రసాన్ని ఆవిరితో మరిగిస్తారు. అందులోంచి లేచిన ఆవిరిని బయటికి వదలకుండా రెండో పాత్రను వేడి చేయడానికి వాడతారు. రెండో దాంట్లో పీడనం తక్కువ ఉంచుతారు కాబట్టి అక్కడ రసం తక్కువ వేడికే మరుగుతుంది. అక్కడి ఆవిరి మూడో దానికి. ఇట్లా ఒక కిలో ఆవిరితో దాదాపు రెండు, మూడు కిలోల నీటిని తీసేయవచ్చు. కట్టెలు, బొగ్గు అంత మిగులుతాయి.

ఈ పద్ధతికి 1843లో పేటెంట్ తీసుకున్నవాడు నార్బర్ట్ రిల్యూ. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 1806లో పుట్టాడు. తల్లి నల్లజాతి మూలాలున్న స్త్రీ. తండ్రి తెల్లవాడు, ప్యారిస్‌కు పంపి చదివించాడు. అతని యంత్రం పెట్టుకుని చెరుకు తోటల యజమానులు లాభాలు గడించారు. అతన్ని మాత్రం తమతో సమానంగా ఇంట్లో ఉంచుకోవడానికి ఒప్పుకోలేదు. చివరికి అతను ఫ్రాన్సుకే వెళ్ళిపోయాడు. అతనికి డాక్టరేట్ లేదు. అయినా డాక్టరేట్‌లో అడిగేది ఏమిటని ఎవరైనా అడిగితే మేము ఇతన్నే చూపిస్తాం. అంతకుముందు ఎవరికీ తెలియని ఒక విషయాన్ని కనిపెట్టి, అది పనిచేస్తుందని నలుగురి ముందు రుజువు చేయాలి. మిగతావన్నీ ఆ పని దాకా చేర్చే మెట్లు.

లోపలికి పోవడానికి

మెట్లలో మొదటిది అర్హత. యూజీసీ 2022 నవంబరులో పీహెచ్‌డీకి కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం మాస్టర్స్ డిగ్రీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని బీసీ, వికలాంగ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల వారికి 5 శాతం సడలింపు ఉంది, అంటే 50 చాలు. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే మాస్టర్స్ లేకుండానే నేరుగా చేరవచ్చు. దానికీ అదే సడలింపు. ఐఐటీలకు సొంత నియమాలు ఉంటాయి. ఎక్కువ చోట్ల ఎంటెక్‌లో 60 శాతం, మనకు 55 అడుగుతారు. మంచి మార్కులూ, గేట్ స్కోరూ ఉంటే బీటెక్ తర్వాత నేరుగా తీసుకోవడమూ ఉంది. అప్పుడు క్లాసులు ఎక్కువ చదవాల్సి వస్తుంది.

రెండోది పరీక్ష. యూజీసీ నెట్‌లో కెమికల్ ఇంజనీరింగ్ సబ్జెక్టు లేదు. మన దారి గేట్. మూడు గంటల పరీక్ష, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు సాధారణ ఇంగ్లీషు, లెక్కలు, తర్కం నుంచే వస్తాయి. తెలుగు మీడియం వాళ్ళం వీటిని వదిలేస్తాం, అది పెద్ద తప్పు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకూ, అమ్మాయిలకూ ఫీజు సగమే. మనకు అర్హత మార్కు కూడా జనరల్ వాళ్ళ మార్కులో మూడింట రెండు వంతులే. కాకపోతే ఆ మార్కుతో 'పాస్' అనిపించుకోవచ్చుగానీ మంచి సీటుకు అది చాలదు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. మేము మొదటిసారి రాసినప్పుడు వచ్చిన ర్యాంకు ఇక్కడ రాయం! రెండోసారి మెరుగైంది.

తర్వాత ఇంటర్వ్యూ. చాలా చోట్ల సాధారణంగా ఏటా రెండు దఫాలు పిలుస్తారు. మన జిల్లాలోనే కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ ఉంది. 2008లో ఎద్దుమైలారం ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై తర్వాత కందికి మారింది. ఖేడ్‌లో పట్నం బస్సెక్కితే జోగిపేట, సంగారెడ్డి దాటగానే వచ్చే ఆ పెద్ద ఆవరణ అదే. మన వాళ్ళు దాని ముందు నుంచి ఎన్నిసార్లు పోయి ఉంటారో, లోపల కెమికల్ ఇంజనీరింగ్ విభాగం ఉందని మాత్రం ఎవరూ అనుకోరు. హైదరాబాదులో ఉస్మానియా టెక్నాలజీ కాలేజీ, వరంగల్‌లో నిట్ ఉన్నాయి. తార్నాకలో ఐఐసీటీ ఉంది. నిజాం కాలంలో 1944లో మొదలైన ప్రయోగశాల అది. అక్కడ పరిశోధన చేసేవాళ్ళకు ఏసీఎస్ఐఆర్ అనే సంస్థ ద్వారా డిగ్రీ వస్తుంది. పల్లెలకు పనికొచ్చే ఒక అంశం మీద కొన్ని వారాల ప్రాజెక్టు చేయాలన్న నిబంధన అక్కడ ఉంది. మాకది బాగా నచ్చింది. పల్లె ఎట్లుంటుందో మనకు కొత్తగా చూపించనక్కరలేదు.

ఇంటర్వ్యూ గురించి మా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక సంస్థలో, పేరు ఎందుకులెండి, లిస్టులో మా పేరు వచ్చింది, కాగితాలు చూసే రోజు వచ్చింది. మీసేవలో తీసిన కుల ధ్రువపత్రం మా దగ్గర ఉంది. అది రాష్ట్రం నమూనాలో ఉంది, కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలన్నారు. గడువు రెండు రోజులు. ఖేడ్‌కు వచ్చి తహసీల్ ఆఫీసులో పడిగాపులు కాసేసరికి గడువు దాటింది. మార్కుల్లో ఓడిపోతే ఇంత బాధ ఉండేది కాదు. కాబట్టి పదో తరగతి తమ్ముళ్ళు కూడా వినండి: కేంద్ర నమూనా ధ్రువపత్రం ఇంటర్ అవగానే తీసి పెట్టుకోండి. బీసీ తమ్ముళ్ళు క్రీమీలేయర్ కాదనే పత్రాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా తీసుకోవాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కుల పత్రంలో ఇంటిపేరు ఒకే తీరున ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. మాలో ఒకరికి మూడింట్లో మూడు రకాలుగా ఉంది. కేంద్ర సంస్థల్లో పీహెచ్‌డీ సీట్లలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది. ఉన్న సీటు ఇట్లాంటి కాగితం మూలంగా పోకూడదు.

ఇంటి లెక్క

మన ఇళ్ళల్లో అసలు ప్రశ్న ఇది: "ఇంకెన్నేండ్లు చదువుతవు బిడ్డా?" మా బాపు దీన్ని ఎంటెక్‌లో చేరినప్పుడు ఒకసారి, అయిపోయినప్పుడు ఒకసారి అడిగాడు. ఈ ప్రశ్నకు సిగ్గుపడకుండా లెక్కతో జవాబు చెప్పాలి.

పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. మళ్ళీ నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్ళు ఇస్తారు. స్త్రీలకూ, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికీ మరో రెండేళ్ళు అదనం, మొత్తం పదేళ్ళ దాకా. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఉంది. ఈ మాట మీ అక్కలకు, చెల్లెళ్ళకు చెప్పండి. ప్రయోగాలు చేసే శాఖ కాబట్టి మన సబ్జెక్టులో నాలుగున్నర, ఐదేళ్ళు పట్టడం మామూలు. మూడేళ్ళలో అయిపోతుందని ఇంట్లో చెప్పకండి, తర్వాత ముఖం చూపించలేరు.

డబ్బు మాటకొస్తే, పీహెచ్‌డీ మనం కట్టి చదివే చదువు కాదు, మనకు ఇచ్చి చదివించే చదువు. ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత పని సంతృప్తికరంగా ఉందని కమిటీ చెబితే 42,000 రూపాయలు. హాస్టల్లో ఉంటే ఇంటి అద్దె భత్యం రాదు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు మినహాయింపు ఉంది. ఎంటెక్‌లో గేట్ వాళ్ళకు నెలకు 12,400 వస్తుంది. మేము దాంట్లోంచే ఇంటికి పంపాం. ఒక హెచ్చరిక కూడా చేయాలి. అన్ని విశ్వవిద్యాలయాల్లో అందరికీ ఫెలోషిప్ ఉండదు. సీటు వేరు, ఫెలోషిప్ వేరు. "సీటు వచ్చింది" అని సంబరపడే ముందు "స్టైపెండ్ ఉందా, ఎన్నేండ్లు, ఎవరిస్తారు, నెలనెలా వస్తుందా" అని అక్కడ ఇప్పటికే చేస్తున్న సీనియర్లను అడగాలి. కొన్నిచోట్ల అది నెలల తరబడి ఆలస్యమవుతుంది. ఉన్నోళ్ళ ఇంటి పిల్లలు తట్టుకుంటారు, మనకు ఆ మూడు నెలలే చదువు మానేయడానికి చాలు.

గైడ్, క్లాసులు, పెద్ద పరీక్ష

చేరాక ముఖ్యమైన నిర్ణయం గైడ్‌ను ఎంచుకోవడం. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. రిటైర్‌మెంటుకు మూడేళ్ళ లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. పేరున్న సారు కన్నా, విద్యార్థి రాసింది చదివి ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చే సారు మేలు. ఇది మా అభిప్రాయం, కాదనే సీనియర్లు ఉంటారు. ఆ సారు దగ్గర చేరినవాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారో, ఎంతమంది మధ్యలో వదిలేశారో అడిగి తెలుసుకోవాలి.

తర్వాత కోర్స్‌వర్క్. కనీసం 12 క్రెడిట్లు, అందులో పరిశోధన పద్ధతులు, పరిశోధనలో పాటించాల్సిన నీతి నియమాలు తప్పనిసరి, 55 శాతం తెచ్చుకోవాలి. కెమికల్ ఇంజనీరింగ్‌లో నాలుగు స్తంభాలు ఉంటాయి: థర్మోడైనమిక్స్, రియాక్షన్ ఇంజనీరింగ్, ట్రాన్స్‌పోర్ట్ ఫినామినా, గణితం. మూడోదానికి బర్డ్, స్టీవర్ట్, లైట్‌ఫుట్ అనే ముగ్గురు 1960లో తెచ్చిన పుస్తకమే ఈనాటికీ గతి. మొదటిసారి తెరిచినప్పుడు మాకు లెక్కల పుస్తకమో, ఇంజనీరింగ్ పుస్తకమో అర్థం కాలేదు. నీరు పారడం, వేడి పాకడం, ఉప్పు నీళ్ళలో కలవడం మూడూ ఒకే రకం సమీకరణంతో నడుస్తాయని అది చూపిస్తుంది. అది తలకెక్కిన రోజు మాత్రం ఆ రోజంతా వేరే పని చేయబుద్ధి కాలేదు.

క్లాసుల తర్వాత ఐఐటీల్లాంటి చోట్ల కాంప్రహెన్సివ్ అనే పెద్ద పరీక్ష ఉంటుంది. రాతతోబాటు నోటి ప్రశ్నలు కూడా అడుగుతారు. సాధారణంగా రెండు అవకాశాలు ఇస్తారు. అక్కడ అడిగేవి బీటెక్ రెండో సంవత్సరం ప్రశ్నలే, కానీ 'ఎందుకు' అని అడుగుతారు. బట్టీ కొట్టినవాడు మూడో 'ఎందుకు' దగ్గర ఆగిపోతాడు. మన హాస్టల్ చదువులో బట్టీ ఎక్కువ, ఒప్పుకోవాలి. గైడు పుస్తకం ముప్పై పేజీలు చూడకుండా అప్పజెప్పి బహుమతి తీసుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాం.

అసలు పని

ఇక సమస్యను ఎంచుకోవడం. పై ఏటి ఒక ఇంటర్వ్యూలో మాకు జరిగింది చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

మన మంజీరలో కలిసే నక్కవాగు మీరు విని ఉంటారు. పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల మురుగు ఆ వాగులోకి పోవడం మీద 1990 నుంచి సుప్రీంకోర్టులో కేసు నడిచింది. స్వీడన్ పరిశోధకులు 2007లో ఒక పేపరు వేశారు. దాదాపు 90 కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని కొలిచి చెప్పారు. ఆ గోలీలు మింగే రోగి రక్తంలో ఉండే దానికన్నా అది ఎక్కువ. అట్లాంటి నీళ్ళలో బతికే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడి మొండికేస్తాయి, ఆ తర్వాత మనిషికి రోగమొస్తే గోలీ పనిచేయదు. ప్రపంచమంతా ఈ పేపరును చదివింది. మంజీర ఒడ్డున పుట్టిన మేము మాత్రం ఎంటెక్‌లోగానీ చదవలేదు.

చదివాక ఆవేశం వచ్చింది. చెరుకు పిప్పిని కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గుతో నీళ్ళలోని మందును పీల్చేయాలని ఒక ప్రతిపాదన రాసుకుని ఇంటర్వ్యూకు పోయాం. బాపు నరికిన చెరుకుతో మంజీరను బాగుచేస్తామన్నమాట! లోపల కూర్చున్న మేడం ఓపికగా విని, "ఇందులో కొత్త ఏముంది?" అని ఒక్క మాట అడిగారు. మాకు జవాబు రాలేదు. బయటికొచ్చి వెతికితే పిప్పి బొగ్గు మీద, సిప్రోఫ్లాక్సాసిన్ మీద పదులకొద్దీ పేపర్లు ఉన్నాయి. ఆ సీటు రాలేదు, రాకపోవడం న్యాయమే.

ఆ తర్వాత ఆ పేపర్లనే కూర్చుని చదివాం. చాలావాటిలో శుభ్రమైన నీళ్ళలో ఒక్క మందునే కలిపి ప్రయోగం చేశారు. నిజమైన ఫ్యాక్టరీ మురుగు అట్లా ఉండదు. అందులో ఉప్పులు, ద్రావణాలు, పది రకాల మందులు ఉంటాయి, అన్నీ ఆ బొగ్గు రంధ్రాల్లో చోటు కోసం పోటీ పడతాయి. జాతర రోజు బస్సులో సీటు కోసం ఎట్లా తోసుకుంటామో అట్లాగే. ఏది గెలుస్తుంది, ఎంత వేగంగా గెలుస్తుంది, బొగ్గు నిండాక దాన్ని కడిగి ఎన్నిసార్లు మళ్ళీ వాడవచ్చు, కడిగిన నీళ్ళను ఎక్కడ పోయాలి? ఈ ప్రశ్నలకు ఉన్న జవాబులు తక్కువ. 'వాగును బాగుచేస్తాం' అనేది పీహెచ్‌డీ సమస్య కాదు, ఒక తరం చేయాల్సిన పని. ఎక్కువ ఉప్పున్న నీళ్ళలో రెండు మందులు పోటీ పడితే ఏమవుతుంది అనేది మాత్రం ఒక మనిషి ఐదేళ్ళలో తేల్చగలిగిన సమస్య. ఇంత చిన్నదిగా చేసుకోవడం నేర్చుకోవడానికే మాకు ఒక ఏడాది పట్టింది.

ప్రయోగాలు మొదలయ్యాక ఎక్కువ రోజులు విఫలమవుతూనే గడుస్తాయని సీనియర్లు చెబుతారు. ఎంటెక్ ప్రాజెక్టులో మాకు దాని రుచి తెలిసింది. పంపు కారుతుంది, యంత్రం కోసం క్యూలో వారం ఆగాలి, నిన్న వచ్చిన అంకె ఇవాళ రాదు. అందుకే ఒకే ప్రయోగాన్ని మూడుసార్లు చేయాలి, తేదీతో నోట్‌బుక్‌లో రాయాలి, తప్పు వచ్చినదాన్ని కూడా కొట్టేయకుండా ఉంచాలి. గ్యాస్ సిలిండర్లు, ఆమ్లాలు, మండే ద్రావణాలతో పని కాబట్టి భద్రత శిక్షణ ముందు తీసుకోవాలి. కళ్ళద్దాలు లేకుండా ల్యాబులోకి పోవడం మగతనం కాదు. కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాయడం కూడా ఇప్పుడు తప్పదు. మేము ఆ పని బీటెక్‌లో తప్పించుకుని ఎంటెక్‌లో ఏడ్చుకుంటూ నేర్చుకున్నాం.

ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి పరిశోధన సలహా కమిటీ ముందు నిలబడి ఏం చేశామో చెప్పాలి. ఇక్కడ ఇంగ్లీషు భయం పట్టుకుంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మేము మొదటి సెమినార్‌లో మూడు నిమిషాలు మాట్లాడి నీళ్ళు తాగడానికి ఆగి, మళ్ళీ మొదలుపెట్టలేకపోయాం. తర్వాత ఒక ఉపాయం పట్టాం. చెప్పదలచినదాన్ని ముందు రూమ్మేటుకు తెలుగులో చెప్పడం, అతనికి అర్థమైతే అదే వరుసలో ఇంగ్లీషులో రాసుకోవడం. తెలుగులో చెప్పలేనిది మనకు అర్థం కానట్టేనని అప్పుడు తెలిసింది.

పేపర్ల సంగతి. 2016 నిబంధనల్లో థీసిస్‌కు ముందు ఒక పత్రిక వ్యాసం, రెండు సదస్సు పత్రాలు తప్పనిసరి. 2022 నిబంధనల్లో యూజీసీ ఆ షరతు తీసేసింది. అయినా చాలా సంస్థలు తమ సొంత నియమంగా అడుగుతాయి, అడగకపోయినా రేపు ఉద్యోగానికి అవే ఆధారం. డబ్బు తీసుకుని ఏదైనా వేసే పత్రికలు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. కాపీ కూడా అంతే. 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే దిద్ది తిరిగి ఇవ్వాలి, 40 దాటితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

థీసిస్ తయారయ్యాక విభాగంలో అందరి ముందు ఒకసారి వినిపించాలి. ఆ తర్వాత గైడ్‌తో పాటు బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదువుతారు. ఒకరు వద్దంటే ఇంకొకరికి పంపుతారు, వారూ వద్దంటే థీసిస్ పోయినట్టే. అందరూ ఒప్పుకుంటే వైవా. అక్కడ బయటి పరీక్షకుడితో పాటు హాల్లో కూర్చున్న ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. దిద్దుబాట్లు అడగడం సర్వసాధారణం, అది అవమానం కాదు. మన హాస్టల్ గోడ మీద ఫొటోలో ఉన్న బాబాసాహెబ్ లండన్‌లో రూపాయి సమస్య మీద రాసిన థీసిస్‌ను కూడా పరీక్షకులు మొదట మార్చి తెమ్మన్నారు. మార్చి ఇచ్చాకే 1923లో డీఎస్సీ వచ్చింది. కొలంబియా పీహెచ్‌డీ కథ ఇంకా పొడుగు. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో అక్కడ చేరితే, అచ్చు వేసిన ప్రతులు విశ్వవిద్యాలయానికి సమర్పించాక పట్టా చేతికి వచ్చింది 1927లో. ఫొటోకు దండ వేసే రోజున ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఈనాడు ప్రతులు అచ్చు వేయనక్కరలేదు. థీసిస్ ఫైలును శోధ్‌గంగ అనే భండారంలో పెడతారు, ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. బీటెక్ చదివే తమ్ముళ్ళు ఇప్పుడే అందులో కెమికల్ ఇంజనీరింగ్ థీసిస్ ఒకటి తెరిచి, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం చదవండి. మధ్యలోది అర్థం కాకపోయినా ఏమీ కాదు.

మా సంగతి అడుగుతారేమో. ఎంటెక్ ఈ వేసవిలో పూర్తయింది. పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో నెలకు పాతిక వేల ఉద్యోగం చూపించారు. అదే వారం ఒక పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఈసారి కేంద్ర నమూనా పత్రం ఫైలులో మొదటే పెట్టుకున్నాం. బాపుకు రెండు కాగితాలూ చూపించి చదివి వినిపించాం. ఆయన ఉద్యోగం కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. తర్వాత, "ఐదేండ్లు అంటున్నవు, నడుమ పైసలొస్తయా?" అన్నాడు. వస్తాయి, ఉద్యోగం కన్నా కొంత ఎక్కువే వస్తాయి, కానీ సీటు వస్తేనే అన్నాం. "రాకపోతే?" అన్నాడు. రాకపోతే ఉద్యోగంలో చేరి వచ్చే దఫాకు మళ్ళీ రాస్తామని చెప్పాం. "గట్లయితే పో, కాయిదాలు పైలం" అన్నాడు.

ఇంటర్వ్యూ వచ్చే నెల. వార్షికోత్సవం రోజు సాయంత్రం బస్సు దాకా హాస్టల్లోనే ఉంటాం. గేట్ పాత ప్రశ్నపత్రాలు, కేంద్ర ధ్రువపత్రం నమూనా ఒకటి వెంట తెస్తున్నాం. సూది సంగతి అడిగిన తమ్ముడు ఈసారి పదో తరగతిలో ఉండాలి, కనబడితే రమ్మనండి.